ఆషాఢం ధరలకి జైపూర్

ఆషాఢం అనగానే హైదరాబాదులో ఉండేవాళ్ళకి గుర్తొచ్చేవి రెండు. ఒకటి బోనాలు, రెండోది బట్టల కొట్లలో తగ్గింపు ధరలు. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, కొనేవాడు రాడు కాబట్టి అమ్మేవాడే దిగొస్తాడన్నమాట. ఫలానా చీర శ్రావణంలో ఎంత పలుకుతుందో, ఆషాఢంలో ఎంతకి దిగుతుందో మా ఆవిడ నోటిలెక్కగా చెప్పేస్తుంది. ఇంత విద్య ఇంట్లో పెట్టుకుని కూడా, ప్రయాణాల దగ్గరికొచ్చేసరికి మేం ఏళ్ళ తరబడి డిసెంబరు ఆఖరి వారాన్నే పట్టుకుని వేలాడాం. ఫలితం... ఏ ప్రయాణమూ చెయ్యలేదు.

ఎందుకు డిసెంబరే అంటే, మీకు తెలియనిదేముంది! క్లయింటు క్రిస్మస్‌కి వెళ్ళిపోతాడు, కోడ్ ఫ్రీజ్ అంటారు, మేనేజరు కూడా ఆ పదిరోజులూ సెలవడిగితే మొహం చిట్లించడు. మిగిలిపోయిన సెలవులు ఎటూ మురిగిపోతాయి. మరి నాకున్న ఈ తెలివే గచ్చిబౌలి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ప్రతివాడికీ ఉంది కదా. అందరం ఒకేసారి వెళ్ళి ఒకే టికెట్ మీద పడతాం, తర్వాత "ఏంటండీ ఈ రేట్లు" అని మనమే ఆశ్చర్యపోతాం. ఆఫీసులోనేమో పెద్ద బ్యాచ్ జాబులన్నీ సర్వర్ మీద లోడ్ లేనప్పుడు, అర్ధరాత్రి నడిపిస్తాం. ఇంటి విషయంలో మాత్రం సరిగ్గా పీక్ లోడ్‌లోనే తోస్తాం.

2024 డిసెంబరుకి జైపూర్ వెళ్దామనుకున్నాం. అమ్మ, నేను, మా ఆవిడ, నాలుగో తరగతి చదివే మావాడు. నలుగురికీ రానూపోనూ విమానానికి 62,000 చూపించింది. ఓ మోస్తరు హోటల్లో రెండు గదులు, గదికి రోజుకి 5,500. మూడు రాత్రులకి 33,000. అంటే తిండీ తిప్పలూ కాకుండానే 95,000. "వచ్చే ఏడు చూద్దాంలే" అని లాప్‌టాప్ మూసేశాను. అమ్మ ఏమీ అనలేదు. ఆవిడెప్పుడూ ఏమీ అనదు, అదే ఇబ్బంది.

అమ్మ కాకినాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయింది. ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలకి గోడమీద పటంలో బెత్తంతో చూపించిన ఊళ్ళలో ఆవిడ స్వయంగా చూసినవి తక్కువ. నాన్నగారు ఉన్నరోజుల్లో కూడా ఈ జైపూర్ ప్రస్తావన వచ్చేది. ఆయనది ఒకటే మాట, "ఎండలు తగ్గనీ, రద్దీ తగ్గనీ, అప్పుడు చూద్దాం" అని. ఎండలు తగ్గితే రద్దీ, రద్దీ తగ్గితే ఎండలు. ఆ రెండూ ఒకేసారి తగ్గే రోజు కోసం చూస్తూ చూస్తూనే ఆయన వెళ్ళిపోయారు.

2025 మే నెలలో అమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే చూసి, కుడి మోకాలు సంక్రాంతి దాటాక మార్పించుకోవడం మంచిది, అప్పటిదాకా మెల్లగా నడవొచ్చు, మెట్లు మాత్రం తగ్గించండి అన్నాడు. కారులో తిరిగొస్తుంటే నాకొకటి స్పష్టంగా అర్థమైంది. డిసెంబరుకి రేట్లు తగ్గవు, అమ్మ మోకాలు బాగవదు. ఈసారి "సీజన్ రానీ" అంటే, అది నాన్నగారు చెప్పిన మాటనే నేను మళ్ళీ చెప్పినట్టు.

ఆ రాత్రి కూర్చుని జులై నెలకి చూశాను. విమానం మనిషికి రానూపోనూ 9,000, నలుగురికి 36,000. డిసెంబరులో 5,500 అన్న అదే హోటలు, అదే గది... 2,400. రెండు గదులు మూడు రాత్రులకి 14,400. మొత్తం 50,400. అంటే డిసెంబరు లెక్కకీ దీనికీ తేడా 44,600.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. చౌకగా కనిపించగానే నొక్కెయ్యకూడదు. కొట్టువాడు సగం ధరకి ఇస్తున్నాడంటే చీర అంచు ఓసారి తిప్పి చూస్తాం కదా, ఇదీ అంతే. ఎందుకు చౌక అన్న ప్రశ్నకి కారణాలన్నీ విడివిడిగా రాసుకుని, అందులో మనకి తగిలేవి ఏవో చూసుకోవాలి. బగ్ వచ్చినప్పుడు రూట్ కాజ్ రాస్తామే, అలాగన్నమాట.

జైపూర్‌కి నేను రాసుకున్న కారణాలు నాలుగు. మొదటిది ఎండ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడ ఎండ నలభై దాటేస్తుంది, అమ్మతో ఆ ఊసే వద్దు. కానీ జులైలో వానలు మొదలై వేడి తగ్గుతుంది, కాకపోతే ఉక్క. కాకినాడ ఉక్కలో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి అదొక లెక్క కాదు. రెండోది వాన. జైపూర్‌లో ఏడాది మొత్తానికి పడేదే సుమారు 600 మిల్లీమీటర్లు, హైదరాబాదు కన్నా తక్కువ. పడేదాంట్లో ఎక్కువ భాగం జులై ఆగస్టుల్లోనే పడుతుంది నిజమే, కానీ రోజంతా ముసురు పట్టి కూర్చోవడం తక్కువ. మూడోది బడులు. జూన్‌లోనే తెరుస్తారు కాబట్టి పిల్లలున్న కుటుంబాలు కదలవు. ఇది మాకు తగిలేదే. నాలుగోది పెళ్ళిళ్ళు. ఇది నాకు ముందు తట్టలేదు, మా ఆవిడ చెప్పింది.

జైపూర్‌లో శీతాకాలం హోటళ్ళ రేట్లు పెరగడానికి మనలాంటి యాత్రికులొక్కరే కారణం కాదండి. అక్కడి కోటల్లో, హోటళ్ళలో పెళ్ళి చేసుకోడానికి దేశమంతటి నుంచీ వస్తారు. జనవరిలో సాహిత్యోత్సవం ఒకటి. ఇక మనం తొలి ఏకాదశి అనేదాన్ని అటువైపు దేవశయని ఏకాదశి అంటారు. విష్ణుమూర్తి ఆరోజు నిద్రకి ఉపక్రమిస్తే మళ్ళీ కార్తీకంలోనే లేవడం. ఆ నాలుగు నెలలూ వాళ్ళకి పెళ్ళి ముహూర్తాలుండవు. 2025లో అది జులై 6న వచ్చింది. అంటే ఆ మర్నాటి నుంచీ వందలకొద్దీ గదులు ఖాళీ. ఈ కారణం మాకు ఏ రకంగానూ తగలదు. మేమేం పెళ్ళికి వెళ్ళట్లేదు కదా! ఇలాంటి కారణం వల్ల తగ్గిన ధరే అసలైన తగ్గింపు.

నాలుగింటిలో మాకు నిజంగా తగిలేవి రెండు: వాన, బడి. ఈ లెక్క అన్ని ఊళ్ళకీ ఇలాగే తేలదు. వానాకాలం గోవా చౌకే, కానీ సముద్రంలో దిగనివ్వరు, ఒడ్డున పాకలన్నీ పీకేసి ఉంటాయి. సముద్రం కోసం వెళ్ళేవాడికి అక్కడ తగిలే కారణమే అసలు కారణం. పచ్చదనం చూడ్డానికి వెళ్ళేవాడికి అదే జులై గోవా పండగ. నవంబరు ఢిల్లీలో వాతావరణం చల్లగానే ఉంటుంది, కానీ ఆ పొగలో ఉబ్బసం ఉన్నవాళ్ళని తిప్పలేం. ఊరు ఒకటే అయినా వెళ్ళేవాడిని బట్టి అది బేరమో బోల్తాయో తేలుతుంది.

బడి సంగతికి బోనాలు ఆదుకున్నాయి. 2025లో లాల్ దర్వాజా బోనాలు జులై 20, ఆదివారం. మర్నాడు సోమవారం తెలంగాణలో సెలవు. మా కంపెనీ సెలవుల జాబితాలో బోనాలు లేవు గానీ మావాడి బడికి ఉంది. శుక్రవారం పొద్దున్న వెళ్ళి సోమవారం రాత్రికి వచ్చేస్తే వాడికి పోయేది శుక్ర శనివారాలు. టీచరుగారికి ఉత్తరం రాస్తే, వాడొచ్చాక ఏం చూశాడో క్లాసులో చెప్పాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

ఇక అమ్మ. "ఆషాఢమాసంలో ప్రయాణమేమిట్రా, శూన్యమాసం" అంది. సోషల్ టీచరే గానీ పంచాంగం దగ్గర రాజీ పడదు. నేను విమానం లెక్కలు చెప్పబోతుంటే మా ఆవిడ అడ్డొచ్చి, "అత్తయ్యా, అక్కడ గోవిందదేవ్‌జీ గుడి ఉందట. కృష్ణుడి గుడి. తీర్థయాత్రకి మాసమేమిటి?" అంది. అమ్మ రెండు నిమిషాలు ఆలోచించి, "అలాగైతే సరే" అంది. ఇరవై ఏళ్ళ నుంచి ప్రోగ్రాములు రాస్తున్నాను, ఇంత తేలిగ్గా వర్క్‌అరౌండ్ కనిపెట్టడం నావల్ల కాలేదు.

టికెట్లు నొక్కబోతూ ఇంకో ఆలోచన వచ్చింది. మిగిలిన నలభై నాలుగు వేలనీ మిగిలాయనుకుని మురిసిపోవడం ఒక పద్ధతి. కానీ వానాకాలం ప్రయాణమంటే ఏదో ఒక పూట వాన మింగేస్తుంది. ప్రాజెక్టు ప్లానులో బఫర్ పెడతామే, అలాగ ఒక రోజు ఎక్కువ కొందామనుకున్నాం. ఇంకో రాత్రికి రెండు గదులు 4,800. సోమవారం బదులు మంగళవారం సాయంత్రం తిరుగు ప్రయాణం. మావాడికి ఇంకో రోజు బడి, నాకు ఇంకో సెలవు పోతాయి. అయినా పెట్టాం. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే అని తర్వాత తెలిసింది.

జులై 18 శుక్రవారం దిగాం. హోటల్లో మొదటి దెబ్బ. సీజన్ లేదు కదా అని పై అంతస్తులో మరమ్మతులు పెట్టుకున్నారు. పొద్దున్న తొమ్మిది నుంచి డ్రిల్లింగ్. మావాడు ఆశపడ్డ ఈతకొలనులో నీళ్ళు తీసేసి నాచు గోకుతున్నారు. ఫోటోల్లో నీలంగా మెరిసిన కొలను అది! గొడవ పెడితే వెనకవైపు గదులిచ్చారు. తప్పు నాదే. అన్‌సీజన్లో వెళ్ళేటప్పుడు హోటలుకి ఫోను చేసి, ఆ వారంలో ఏం మరమ్మతులున్నాయని అడగాలి. ఎవరైనా బాగుచేయించుకునేది గిరాకీ లేనప్పుడే కదా.

శనివారం పొద్దున్నే జంతర్ మంతర్. అమ్మ చూడాలనుకున్నది ముఖ్యంగా ఇదే. జైపూర్ నగరాన్ని 1727లో కట్టడం మొదలుపెట్టిన సవాయి జైసింగ్ రాజు ఖగోళశాస్త్రం పిచ్చివాడు. రాతితో, పాలరాతితో పందొమ్మిది యంత్రాలు కట్టించాడు. వాటిలో పెద్దది సామ్రాట్ యంత్రం, ఎత్తు 27 మీటర్లు. అంటే ఎనిమిది తొమ్మిది అంతస్తుల మేడంత నీడ గడియారం. మెట్లున్న ఏటవాలు గోడ ఒకటి ధ్రువం వైపు చూస్తుంటుంది. దానికి రెండువైపులా రెక్కల్లా వంపు తిరిగిన కొలబద్దలు. గోడ నీడ ఆ కొలబద్ద మీద సెకనుకి ఒక మిల్లీమీటరు చొప్పున కదులుతుంది. రెండు సెకన్ల తేడా కూడా చదవొచ్చు. మూడువందల ఏళ్ళ కిందటి సంగతి!

అంతా బానే ఉంది గానీ, ఆకాశంలో సూర్యుడు లేడు. బూడిదరంగు మబ్బు పరుచుకుని ఉంది. నీడే లేని నీడ గడియారం ముందు గంటన్నర కూర్చున్నాం. గైడు నవ్వి, "సావన్ కదా సార్" అన్నాడు. ప్రతి ఏటా ఆషాఢ పూర్ణిమ సాయంత్రం జ్యోతిష్కులు ఈ యంత్రం పైకెక్కి, జెండా ఎటు ఎగురుతుందో చూసి, ఆ ఏడు వానలెలా ఉంటాయో చెబుతారని కూడా చెప్పాడు. సూర్యుడి కోసం కట్టినదాన్ని మబ్బుల కోసం కూడా వాడుకుంటున్నారన్నమాట. అమ్మ "పరవాలేదులే, చూశాం కదా" అని లేచింది. ఆ "పరవాలేదులే" నాకు బాగా తెలుసు.

ఆరోజే ఇంకో తమాషా జరిగింది. వీధిలో ఎక్కడ చూసినా "సావన్" అన్న మాటే. అమ్మ కాసేపు తికమకపడి, తర్వాత గట్టిగా నవ్వేసింది. మన తెలుగువాళ్ళకి నెల అమావాస్యతో అయిపోతుంది, ఉత్తరాదిలో పున్నమితో. కాబట్టి పున్నమి దాటాక మనకి ఆషాఢ బహుళం ఏదైతే ఉందో, అదే వాళ్ళకి శ్రావణ బహుళం. మనకి శ్రావణం జులై 25న మొదలైతే వాళ్ళకి 11నే వచ్చేసింది. "ఒరేయ్, శంషాబాద్‌లో ఆషాఢంలో ఎక్కి ఇక్కడ శ్రావణంలో దిగాం" అంది. శూన్యమాసం బెంగ అక్కడితో తీరిపోయింది.

అన్‌సీజన్ అంటే ఊరు పడుకుని ఉంటుందని నేననుకున్నది తప్పని తెలిసింది కూడా అప్పుడే. యాత్రికులకి అన్‌సీజన్ గానీ ఊరివాళ్ళకి అదే అసలు సీజన్. బజారంతా లహరియా చీరలు, అలల్లా ఏటవాలు చారలుండేవి. శ్రావణంలో ఆడవాళ్ళు అవే కడతారట. వారం దాటితే తీజ్ పండగ. మిఠాయి కొట్ల ముందు పళ్ళేల్లో ఘేవర్ కొండలు. మైదా జారుని కాగే నేతిలో పైనుంచి సన్నధారగా పోస్తే అది తేనెపట్టులా గుల్లగుల్లగా గుండ్రంగా తేలుతుంది. పైన పాకం, రబ్డీ. ఇది తీజ్ రోజుల మిఠాయి, దీని అసలు కాలం ఇదే. అమ్మ ఒక ముక్క తిని, "బానే ఉంది, కాజా కాజాయే" అని తీర్పు చెప్పింది. కాకినాడ మనిషి దగ్గర అంతకన్నా మెప్పు ఆశించకూడదు. మానసాగర్ సరస్సులో నీళ్ళు నిండుగా ఉండి, జల్‌మహల్ సార్థకనామధేయంలా కనిపించింది. చుట్టూ ఆరావళి కొండలు పచ్చగా... రాజస్థాన్ అంటే ఇసుకే అనుకునే మావాడు నమ్మలేదు.

ఆదివారం ఆమేర్ కోట. పైదాకా జీపులో వెళ్ళాం. మా ఆవిడ పట్టుబట్టి రోజుకి 2,500 ఇచ్చి డ్రైవరుతో సహా కారు మాట్లాడింది. "మిగిలిన డబ్బు అత్తయ్య మోకాలికి ఖర్చుపెట్టాలి గానీ ఫ్రిజ్ మీద అయస్కాంతాలకి కాదు" అంది. రైటే. ఆమేర్లో ఎక్కడ అరుగు కనిపిస్తే అక్కడ అమ్మ కూర్చుంది. వెనకనుంచి తోసేవాళ్ళు లేరు, "జరగండమ్మా" అనేవాళ్ళు లేరు. శీష్‌మహల్ ముందు ఇరవై నిమిషాలు నింపాదిగా కూర్చుని చూసింది. డిసెంబరులో వెళ్ళొచ్చిన మా టీమ్ కుర్రాడు నాకు చూపించిన ఫోటోల్లో అద్దాల కన్నా తలకాయలే ఎక్కువున్నాయి. ఆ కూర్చునే చోటు మీ బుకింగ్ సైట్‌లో రేటుగా కనిపించదు. కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేవాడికి అన్‌సీజన్ ఇచ్చే అసలు లాభం అదే.

సోమవారం వాళ్ళకి శ్రావణ సోమవారం. గల్తా నుంచి కావళ్ళలో నీళ్ళు మోసుకొస్తున్న జనం, పాటలు. పొద్దున్న గోవిందదేవ్‌జీ దర్శనం చేసుకున్నాం, తీర్థయాత్ర మాట కూడా నిలబెట్టుకోవాలి కదా. తర్వాత హవా మహల్. 1799లో కట్టినది, 953 కిటికీలు అంటారు. ఐదంతస్తులు అనగానే నేను అమ్మని కిందే కూర్చోబెడదామనుకున్నాను. లోపలికెళ్ళి చూస్తే పై అంతస్తులకి మెట్ల బదులు ఏటవాలు దారులు! పల్లకీల్లో వచ్చే రాణుల కోసం అలా కట్టారట. మోకాళ్ళ నొప్పులవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రెండు శతాబ్దాల కిందటే డిజైన్ చేసినట్టుంది. అమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుని మూడో అంతస్తుదాకా ఎక్కింది.

మధ్యాహ్నం వాన దంచింది. వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. ఆల్బర్ట్ హాల్ మ్యూజియంలోకి దూరాం. అక్కడ ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఒకటుంది, పేరు టుటు. 2020 ఆగస్టులో ఇలాగే వాన కురిసి, మ్యూజియం నేలమాళిగలోకి నీళ్ళొచ్చేస్తే, సిబ్బంది అద్దం పగలగొట్టి ఆ మమ్మీని బయటికి తీశారు. రెండువేల ఏళ్ళు ఎడారిలో భద్రంగా ఉన్నావిడకి జైపూర్ వానలో గండం! సగటున తక్కువ వాన పడే ఊరే, కానీ పడిందంటే ఒక్కపూటలో ముంచుతుంది. నేను ఏడాది మొత్తం అంకె చూసుకుని ధీమాగా ఉన్నాను. మన సర్వర్లూ సగటు లోడ్‌కి పడిపోవు, పీక్‌కి పడిపోతాయి. తెలిసీ అదే తప్పు చేశాను. ఆ సాయంత్రమే తిరుగు విమానం అయ్యుంటే, ఆ నీళ్ళలో కారు కదలక, అమ్మతో ఎయిర్‌పోర్టుకి పరుగులు పెట్టేవాళ్ళం. మాకు ఇంకో రోజు ఉంది. హోటలుకెళ్ళి పకోడీలు తెప్పించుకున్నాం.

మంగళవారం పొద్దున్న కిటికీ తెరిస్తే ఎండ! పూర్తిగా కాదు, మబ్బుల మధ్య వచ్చి పోతోంది. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరూ ఏమీ అనకుండానే సామాను సర్దేసి, జంతర్ మంతర్‌కి మళ్ళీ టికెట్లు కొని లోపలికెళ్ళాం.

పదిగంటలకి సామ్రాట్ యంత్రం పడమటి రెక్క మీద నీడ పడింది. అంచు కాస్త పొగలా మసగ్గా ఉంటుంది. గైడు సన్నటి పుల్ల అడ్డం పెట్టి దాన్ని తేటగా చూపించాడు. మావాడు అరవై లెక్కపెట్టాడు. నీడ నిమిషం గీత నుంచి పక్క నిమిషం గీతకి, నాలుగు వేళ్ళ వెడల్పున జరిగింది. కాలం కదలడం కంటికి కనిపిస్తుందండి అక్కడ. గడియారం ముల్లు తిరగడం వేరు, ఇది వేరు.

మావాడు నా ఫోను చూసి, "నాన్నా, ఇది తప్పు చూపిస్తోంది. మన టైము పది, ఇది తొమ్మిదీ ఇరవై ఏడే చూపిస్తోంది. అరగంట స్లో" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. గొంతు మారిపోయింది. పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ క్లాసులో విన్న గొంతది.

"స్లో కాదురా. ఇది చెప్పేది ఈ ఊరి సూర్యుడి టైము. మీ నాన్న ఫోనులో ఉన్నది మన ఊరిది."

"మన ఊరంటే?"

"కాకినాడ. దేశం మొత్తం గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తాయి. అది మన కాకినాడ పక్కనుంచే పోతుంది. జైపూర్ ఇంచుమించు 76 డిగ్రీల దగ్గరుంది. ఆరూ ముప్పావు డిగ్రీలు పడమరకి. డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఎంతయింది?"

మావాడు వేళ్ళు లెక్కపెట్టి, "ఇరవై ఏడు" అన్నాడు.

"అంటే కాకినాడ నెత్తిమీదకొచ్చిన సూర్యుడు ఇక్కడి నెత్తిమీదకి రావడానికి ఇరవై ఏడు నిమిషాలు."

మరి మిగిలిన ఆరు నిమిషాలు? అది నేనడిగాను. దానికీ ఒక లెక్క ఉందని గైడు చెప్పాడు. భూమి తిరిగే దారి పూర్తి గుండ్రం కాకపోవడం, అక్షం వంగి ఉండడం వల్ల నీడ గడియారం ఏడాది పొడుగునా కాస్త ముందుకీ వెనక్కీ నడుస్తుంది. జులై ఆఖర్లో ఆరు నిమిషాలు వెనక. దానికి సవరణ పట్టిక ఉంటుంది. మొత్తం ముప్ఫై మూడు నిమిషాలూ సరిపోయాయి. చుట్టూ ఉన్న నలుగురైదుగురు హిందీవాళ్ళు భాష అర్థం కాకపోయినా అమ్మ చేతులు తిప్పడం చూస్తూ నిలబడ్డారు.

ముప్ఫై ఏళ్ళుగా బోర్డు మీద గీసిన గీత ఒకటి తనముందు పాలరాతి మీద నిజంగా జరుగుతుంటే, ఆవిడ మొహంలో ఏముందో నేను రాయలేను. పావుగంట తర్వాత మబ్బు కమ్మేసింది, నీడ మాయమైంది. "నాన్నగారికి కూడా ఈ లెక్కంటే ఇష్టం" అంది మెల్లగా. అంతే, ఇంకేమీ అనలేదు. ఈసారి "పరవాలేదులే" అనలేదు.

ఇంటికొచ్చాక లెక్క కూడాను. విమానం 36,000, గదులు నాలుగు రాత్రులకి 19,200, కారు, తిండి, టికెట్లు, లహరియా చీర రెండు కలిపి 23,000. మొత్తం 78,200. డిసెంబరులో విమానానికీ గదులకే 95,000. ఈ అంకెలు వచ్చే ఏటికి మారిపోతాయి, వాటిని పట్టుకోకండి. పట్టుకోవాల్సింది క్రమం. ముందు ఎందుకు చౌకో రాసుకోండి. మీకు తగిలే కారణాలేవో వేరు చెయ్యండి. రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి. హోటలుకి ఫోను చేసి మరమ్మతుల గురించి అడగండి. ఆ ఊరివాళ్ళకి అది ఏ పండగల కాలమో చూసుకోండి. చివరిగా, మిగిలిన డబ్బంతా జేబులో వేసుకోకుండా కొంత పెట్టి ఒక రోజు ఎక్కువ కొనండి. ధర తగ్గింది వాతావరణం మీద నమ్మకం లేకపోవడం వల్ల కాబట్టి, ఆ తగ్గిన ధరలోంచే ఆ నమ్మకాన్ని కాస్త కొనుక్కోవాలన్నమాట. ఆ నాలుగువేల ఎనిమిదివందలు పెట్టి ఉండకపోతే, మేం నీడ లేని గడియారం చూసొచ్చేవాళ్ళం.

ఇది అందరికీ కుదరదని నాకూ తెలుసు. పదో తరగతి పిల్లలున్నవాళ్ళు, ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళు, జులైలోనే రిలీజు ఉన్నవాళ్ళు ఉంటారు. నాకూ రెండేళ్ళ తర్వాత కుదరకపోవచ్చు. అందుకే కుదిరిన ఏడు వదులుకోకండి అంటున్నాను. సీజన్ అనేది ఊరికే కాదు, మనుషులకీ ఉంటుంది. రెండూ ఒకేసారి కలిసొచ్చేదాకా ఆగుదామంటే... ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

అన్నట్టు, సంక్రాంతి దాటాక అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ మెట్లెక్కిస్తుంటే విసుక్కుంటోంది గానీ, మొన్న పొద్దున్న కొత్త పంచాంగం ముందేసుకుని కూర్చుని నన్ను కేకేసింది.

"ఒరేయ్, ఈసారి ఆషాఢం ఎప్పుడొచ్చిందో చూశాను. ఎక్కడ చౌకో నువ్వు చూడు."